పాత పేరు, ఖాళీ, కొత్త పేరు

ఆజ్ఞ మొత్తం కొట్టిన తరువాత, ఎంటర్ మీట నొక్కకముందు, ఆయన రెండు చేతులనూ కీబోర్డు మీదినుండి తీసి మోకాళ్లకు తుడుచుకొనేవాడు. పిదప ముఖాన్ని తెరకు జానెడు దూరానికి చేర్చి, గింజను చూచే కోడివలె తలను ఒక వైపుకు వంచి, కుడికంటి మూలనుండి ఒక్కొక్క అక్షరాన్నీ పైకి చదువుకొనేవాడు. చదవడం ముగిశాక పెదవుల కదలికలోనే ‘బిస్మిల్లా’ అనుకొని ఉంగరపు వేలితో మీటను నొక్కేవాడు. ఇంత తంతు ఒక్క ఫైలు పేరు మార్చడానికి.

ఆయన మరణించి నలభై దినాలు దాటినవని మొన్న గద్వాలనుండి వచ్చిన ఒక చీరల వ్యాపారి చెప్పాడు. అది రేటు చెబుతూ మధ్యలో అతనికి జ్ఞాపకం వచ్చిన ముచ్చట. “మీకు తెల్వదా సారు? గా కంప్యూటర్ భాయి! కండ్లు పోయినాయన!” అన్నాడు. నాకు కబురు రాకపోవడం సహజమే. ఆ ఇంటివారికి నాతో ఏ పని మిగిలి ఉందని కబురు చేస్తారు?

వనపర్తి బస్టాండు ఎదుట, సైకిళ్ల దుకాణం పైన, ఇనుప మెట్లెక్కితే ఆయన గది. పెండ్లిపత్రికలు, కరపత్రాలు, కాలేజీ విద్యార్థుల నివేదికలు అక్కడ అచ్చుకు సిద్ధమయ్యేవి. నేను పదవీ విరమణ చేసిన తరువాత, మా మెట్ట ప్రాంతపు సేద్యగాండ్ర మాటలను ఒక నిఘంటువుగా కూర్చాలని సంకల్పించి, చీటీల సంచితో ఆ మెట్లెక్కాను. అప్పటికే ఆయన ఎడమకన్ను మధుమేహానికి బలి అయింది. కుడికంటిలో వెడల్పాటి లోకం పోయి సన్నని సందు మిగిలింది. ఆ సందులోనుండే ఆయన నన్ను ఆపాదమస్తకం కొంచెం కొంచెంగా చూచాడు. మొదట నా ముఖం, తరువాత అంగవస్త్రం, చివరకు సంచి.

“ఎన్ని మాటలుంటయి సారు?”

“తెలియదు. పదివేలకు తక్కువ ఉండవు.”

“అయితే జల్ది పెట్టుకోవాలె. డాక్టరు నా కన్నుకు ఒక సాలు, మస్తయితే రెండేండ్లు అన్నడు. ఈ కితాబు నా కన్నుతోనే జూసి ఇయ్యాలె మీకు. తర్వాత జూసుడు ఉండదు నాకు.”

ఆ మాటను ఆయన బేరం చెప్పినంత మామూలుగా చెప్పాడు. కాని ఆ దినంనుండి మేమిద్దరం చేసిన పని అంతా ఆ గడువు నీడలోనే సాగింది.

ఆయన వద్ద మౌసు ఉండేది కాని, దానిని తెర పైభాగాన వెల్లకిలా పడుకోబెట్టి రుమాలు కప్పి ఉంచేవాడు. “గది నాకు దొరకదు సారు. గా బాణం ఎటు పోయిందో, నేనెటు పోయిన్నో, ఇద్దరికీ తెల్వదు” అని నవ్వేవాడు. కనుక సమస్త కార్యాన్నీ నల్లని తెరమీద బొటనవేలంత తెల్లని అక్షరాలలో ఆజ్ఞలు కొట్టి నడిపించేవాడు. కొన్ని మీటలమీద లక్కచుక్కలు కరిగించి అంటించుకొన్నాడు. వేళ్లు వాటిని తడుముకొంటూ వెళ్లేవి.

నా అలవాటువల్ల ఆయనకు తొలినాళ్లలోనే విసుగు పుట్టింది. సోమవారం ఒక అర్థాన్ని దిద్దుతాను, బుధవారానికి పాత పాఠమే మేలని తోస్తుంది. తాళపత్రాల పాఠాంతరాలతో జీవితం గడిపిన వాడికి ఏ పాఠాన్నీ పారవేయడానికి మనసొప్పదు. రెండు నెలలు ఓర్చుకొని, ఒకనాడు ఆయన కొత్త ఏర్పాటు చేశాడు. ప్రతి మార్పును, మార్చిన దినంతోసహా, జ్ఞాపకం పెట్టుకొనే ఒక వ్యవస్థను ఎవరో ఇంజనీరునడిగి తెచ్చి యంత్రంలో దించాడు.

“ఇంకేం పరేషాన్ లేదు సారు. మీరు దిద్దున్రి, మళ్ల పాతదే మంచిగుండె అనున్రి, మళ్ల దిద్దున్రి. ఇది అన్నీ యాదిల పెట్టుకుంటది. మన అత్తగారి లెక్క.”

సాయంకాలం పని ముగిసినప్పుడు ‘కమిట్’ అని కొట్టి, ఆనాటి మార్పులను పేటికలో భద్రపరచి, ఒక వాక్యం రాసి పెట్టాలి. ఆ వాక్యంలో చాలామంది ‘దిద్దుబాట్లు’ అని రాసి ఊరుకొంటారట. ఆయన ఊరుకోలేదు. ఎందుకంటే, మాట చెప్పిన పల్లెవాసుల పేర్లు నిఘంటువులో ఉండాలని ఆయన కోరగా, అది శాస్త్రసంప్రదాయం కాదని నేను తోసిపుచ్చాను. ఆయన వాదించలేదు. ఆ పేర్లను పేటికలో చేర్చే వాక్యాలలో దాచుకొన్నాడు.

మాటల సేకరణలో సగం ఆయనదే. కిటికీనుండి కిందికి వంగి, బస్సుకోసం నిలబడిన ఏ ముసలివాడినో పిలిచేవాడు. “పెద్దయ్యా, మీదే ఊరు? జర పైకి రా, చాయ్ తాగి పో!” వచ్చినవారిని బల్లపై కూర్చుండబెట్టి, గొర్రుకు ఎన్ని భాగాలో, చెలకలో తొలివాన పడితే ఏమంటారో అడిగేవాడు. వారు వెళ్లిన తరువాత ఇంగ్లీషు లిపిలో తెలుగు వాక్యం కొట్టేవాడు. ‘ఈరన్న, తిమ్మాజిపేట, బస్సు తప్పిపోతదని నిలబడే చెప్పిండు.’ ‘ఖాసిం, ఉప్పునుంతల, మోట తోలిన చేతులు చూపెట్టిండు.’ ఇటువంటివి వందలు. నేను వాటిని చదివి నవ్వేవాడిని. నా చీటీలలో ఒక్క మనిషి ముఖం కూడా లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఫైళ్లకు ఆయనే పేర్లు పెట్టాడు. నాగలి, గుంటుక, కాడి, మోట బావి, ఇలా నూరుకు పైగా. అకారాదిగా పేర్చినప్పుడు మొట్టమొదట నిలిచేది ‘అడుగంటిన బావి’. కరువుమాటలన్నీ అందులో ఉండేవి. అది నాకు ముల్లువలె గుచ్చుకొనేది. గ్రంథం శ్రీకారంతో ఆరంభం కావాలని నేర్చుకొన్నవాడిని. ఎండిపోయిన బావితో మొదలయ్యే పుస్తకానికి శుభమెక్కడిది?

ఈ మాట ఆయనతో అన్నాను.

“పేరే గదా సారు, మారుద్దాం. అయితే పేరు మార్చుడు నాకిడిసిపెట్టున్రి. దానికో పద్ధతున్నది. ‘మూవ్’ అని కొట్టి, పాత పేరు, ఖాళీ, కొత్త పేరు. గట్ల చెప్తే అది ఎంబడి వస్తది, దాని కథంతా ఎంటేసుకొని. చెప్పకుండ మారిస్తే పాతది సచ్చిందనుకుంటది, కొత్తది ఎవల పిల్లనో తెల్వదంటది.”

“నాగలికి హలమనీ, ఎద్దుకు వృషభమనీ మారిస్తే ఇంకా గంభీరంగా ఉంటుందేమో?”

ఆయన తల వంచి నా ముఖాన్ని వెదకి పట్టుకొన్నాడు. “మీ హలముతోని దున్నితే భూమిల చాలు పడతదా సారు?” అని, తానే నవ్వి, “దవాఖాన నుంచి వచ్చినంక జేద్దాం తియ్యున్రి” అన్నాడు.

కంటితెర వెనుక నెత్తురు చిమ్మిందని ఆయన హైదరాబాదు వెళ్లిన తొమ్మిది దినాలలో నేను చేసిన పని ఇది. తాళంచెవి నా వద్దనే ఉండేది. వచ్చేనాటికి ఆయన కంటికి శ్రమ తప్పిద్దామన్న దయ కొంత, నా శ్రీకారం నెరవేరుతుందన్న ఆత్రం కొంత. రుమాలు తీసి, మౌసు పట్టుకొని, ఒక్కొక్క ఫైలునూ నొక్కి పేరు మార్చాను. శ్రీహలము. శ్రీయుగము. శ్రీకూపము. అడుగంటిన బావిని శ్రీశుష్కకూపమని చేసి, అక్షరక్రమంలో దానిని దూరంగా తోసివేశాను. పేర్లతో ఆగలేదు. లోపలి అర్థాలను కూడా సంస్కరించుకొంటూ పోయాను. ప్రతి సాయంకాలం ఆయన నేర్పిన ‘కమిట్’ అన్న మాటను కొట్టాను. యంత్రం ఏమీ పలకలేదు. మౌనాన్ని అంగీకారమనుకొన్నాను.

ఆయన నల్లకళ్లద్దాలతో తిరిగివచ్చాడు. తల వంచరాదనీ, తెరముందు కూర్చోరాదనీ వైద్యులు చెప్పి పంపారు. ఆయనను మెట్లు ఎక్కించి తెచ్చిన భార్య గడపవద్దనే ఆ మాట నాతో చెప్పింది. “సారు, మీరన్న చెప్పున్రి ఈయనకు. మూడు నెలలు కన్నుకు రెస్టు ఉంటే మిగిలింది నిలుస్తదంట. లేకుంటే లేదంట.” నేను గర్వంగా ఆమెకు అభయమిచ్చాను. “పేర్లన్నీ నేనే మార్చేశానమ్మా. ఇక ఆయనకు పెద్ద శ్రమ లేదు.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకొని, ఏయే ఫైళ్లు ఏ స్థితిలో ఉన్నవో చెప్పుమని యంత్రాన్ని అడిగాడు. వరుసలు జలజల దిగినవి.

“సారు, జర చదువున్రి. ముందల ఏం గుర్తున్నది?”

“ఆశ్చర్యార్థకం.”

“దాని కింద?”

“ఆశ్చర్యార్థకమే.”

“ఇంకా కిందికి?”

“అన్నీ అవే. సగం తరువాత ప్రశ్నార్థకాలు.”

ఆయన మంచినీళ్లు అడిగి తాగాడు. గ్లాసు బల్లపై పెట్టడానికి అంచు తడుముకొన్నాడు. “ఎంతమందిని గిట్ల జేసిన్రు సారు?” అన్నాడు. ఎన్ని ఫైళ్లని అడగలేదు.

“అన్నింటినీ.”

ఆశ్చర్యార్థకాలు యంత్రం వెదకి కానక కలవరపడుతున్న పాతవి. ప్రశ్నార్థకాలు తానెరుగనని నిరాకరిస్తున్న కొత్తవి. తొమ్మిది దినాలలో పేటికలోకి ఏదీ చేరలేదు. ఆయన దీనినంతా నిదానంగా విప్పి చెప్పాడు. చెప్పి, ఉపాయం కూడా తానే చెప్పాడు.

“ఒక తోవ సులువున్నది సారు. మీరు తొమ్మిది దినాలు దిద్దింది పారేస్తే, ఒక్క మాట కొడ్త, అన్నీ పాత లెక్కనే లేస్తయి. అప్పుడు పేర్లు నిమ్మళంగ మార్చుకోవచ్చు. ఎవరన్న కొట్టిపెడ్తరు.”

నేను జవాబు చెప్పవలసిన క్షణం అది. నా కళ్లముందు శ్రీహలము కింద నేను కూర్చిన వ్యుత్పత్తులు, పర్యాయపదాలు, నున్నని వాక్యాలు నిలిచినవి. వాటిని మళ్లీ అంత చక్కగా రాయగలనా అని సంశయించాను. “పారవేయడమంటే...” అని ఆగాను. ఆగినది ఒక ఊపిరి తీసుకొన్నంతసేపు.

చూపు సన్నగిల్లినవాడికి ఆ ఊపిరి చాలు. “పోనియ్యున్రి” అన్నాడు. “మీరు కష్టపడి రాసిన్రు. కూసోని ఒక్కొక్కటి తోవకు దెద్దాం.”

వద్దని నేను అనవలసింది. అనలేదు.

మరునాటినుండి పగటిపూట, కరెంటు ఉన్నంతసేపు, ఆ పని జరిగింది. ప్రతి ఫైలుకూ నేను పెట్టిన పేరు తీసివేసి పాత పేరు తగిలించాలి. అప్పుడు యంత్రం తన వస్తువును గుర్తుపడుతుంది. తరువాత దానితో చెప్పి, సవ్యంగా కొత్త పేరుకు తరలించాలి. శ్రీకారం మాత్రమే చేర్చి ఉంటే యంత్రంచేతనే వరుసగా చేయించేవాడట. నేను నాగలిని హలమనీ, కాడిని యుగమనీ చేసినందున ఏది ఏదో మనిషి చూచి చెప్పవలసి వచ్చింది. నేను పోల్చి చెప్పేవాడిని. ఆయన కొట్టేవాడు, చేతులు తుడుచుకొనేవాడు, వంగి చదివేవాడు. వంగరాదన్న తల ప్రతి పేరుకూ రెండుమార్లు వంగేది.

“నేను కొడతాను, మీరు చెప్పండి” అని మొదటి వారంలోనే అన్నాను.

“మీరు కొట్టిన్రు గద సారు ఒకసారి.”

మా పరిచయంలో ఆయన నన్ను గుచ్చి అన్న మాట ఆ ఒక్కటే. అన్న మరుక్షణమే నొచ్చుకొని చాయ్ తెప్పించాడు.

పని నడుమ పాత వాక్యాలు తెరమీదికి వచ్చినప్పుడు ఆయన ముఖం వికసించేది. ఒక పేరు సరిగ్గా మారిన తరువాత దాని వెనుకటి చరిత్రను పిలిచి చూచుకొనేవాడు. “ఇగో వచ్చిండు ఈరన్న! బస్సు దొరికిందో లేదో!” అనేవాడు. “ఈమె, బాలమ్మ, ఎంత తిట్టిందో సారు నన్ను. మాటలడుగుతవు, నా గంప ఎవడు దించుతడు అన్నది.” నిఘంటువు అచ్చుపని అంగుళం కదలలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తన కన్నుతో చూసి ఇస్తానన్న పుస్తకం గురించి ఆయన మాటాడటం మానివేశాడు. “పేర్లన్న చూసుకుంట” అని మాత్రం అనేవాడు. నెలకింద పదివేల మాటలను కోరిన మనిషి ఇప్పుడు ఆ పేర్లతో సరిపెట్టుకొంటున్నాడు. మధ్యలో ఆయన భార్య ఒకసారి వచ్చి, గుమ్మంలో నిలిచి, నావంక చూచి, అన్నం డబ్బా పెట్టి వెళ్లిపోయింది.

ఇంకా రెండు మిగిలిన దినం. మిట్టమధ్యాహ్నం. ఆజ్ఞ సగం కొట్టి ఆయన ఆగాడు.

“కరెంటు పోయిందా సారు?”

నేను పైకి చూచాను. పంకా తిరుగుతున్నది. ఆ చప్పుడు ఆయనకూ వినిపించి ఉండాలి. తలెత్తి దానివైపు చెవి పెట్టాడు. తరువాత రెండు చేతులనూ తీసి మోకాళ్లపై పెట్టుకొన్నాడు, కాని తుడుచుకోలేదు.

“ఎన్ని మిగిలినయి?”

“రెండే. ఇప్పుడు వద్దు భాయీ. దవాఖానకు పోదాం, లేవండి.”

“పోదాం. రెండే గద, కొట్టున్రి. నేను చెప్త.”

లేచి, కుర్చీ నాకిచ్చి, గోడ పట్టుకొని నిలబడ్డాడు. మిగిలినవి అడుగంటిన బావి, మోట బావి. ఆయన ఒక్కొక్క అక్షరం చెప్పగా కొట్టాను. తెర అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నది. కమిట్ చేసి, ముగిసిందన్నాను.

“శుష్కకూపం కథ పిలువున్రి. ఎవరెవరున్నరో చదువున్రి.”

పిలిచాను. అడుగంటిన బావి గురించి చెప్పినవారు రావలసిన చోట మోట తోలినవారు వచ్చారు. ఖాసిం చేతులు వచ్చినవి. తొందరలో ఒకదాని పేరును ఒకదానికి తగిలించాను. గోడకు ఆనుకొని ఆయన వింటున్నాడు. రెప్పలు మూసి ఉన్నవి. ఇది కూడా చెడిందని ఆ ముఖంతో చెప్పలేకపోయాను. ఒకే మనిషి మాటలు పలు ఫైళ్లలో చేరినందున, ఏ వాక్యాలు ఉండాలో ఇతర చరిత్రలలో చూచిన జ్ఞాపకం నాకు కొంత ఉంది. తెరను చూడడం మాని చదివాను.

“ఈరన్న, తిమ్మాజిపేట. బస్సు తప్పిపోతదని నిలబడే చెప్పిండు.”

“ఊఁ.”

“బాలమ్మ, తిమ్మాజిపేట. గంప...”

“బాలమ్మది ఘణపూరు సారు. ఖిల్లా ఘణపూరు.”

నేను తెరవైపు తిరిగాను. అక్కడ ఆమె లేదు.

“నేను ఘణపూరని రాసిన” అన్నాడు. “నా చేత్తోని రాసిన. అది తప్పు చూపెట్టదు.”

నలభై ఏండ్లు పరుల గ్రంథాలలో ఎవరో చొప్పించిన పంక్తులను ఏరి పారవేసినవాడిని నేను. జరిగింది ఒప్పుకొన్నాను. ఆయన కోపించలేదు. గోడవద్దనుండే, చేసినదానిని వెనక్కి తిప్పించే ఆజ్ఞ చెప్పాడు. కొట్టాను. తిరిగి మొదటినుండి, ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి చెప్పాడు. పాత పేరు. ఖాళీ. కొత్త పేరు. మరల పాత పేరు. ఖాళీ. కొత్త పేరు. ప్రతి అక్షరాన్నీ రెండుమార్లు సరిచూచి కొట్టాను. ఈసారి కమిట్ అయి, చరిత్ర పిలిస్తే, అందరూ వచ్చారు. ఈరన్న వచ్చాడు. బాలమ్మ ఖిల్లా ఘణపూరు నుండే వచ్చింది. పొంగిపోయి, తెరమీద ఉన్నది ఉన్నట్టు, బిగ్గరగా, చివరి వాక్యం దాకా చదివాను.

ఆయన మొత్తం విన్నాడు. తరువాత నావైపు అనుకొని కిటికీవైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

“ఇప్పుడు మీరు చదువుతున్నరో, చెప్తున్నరో, నాకెట్ల తెల్వాలె సారు?”